వెనక నుంచి చెప్పప్పా!

"ఇప్పుడు అదే కథ వెనక నుంచి చెప్పప్పా," అన్నాడు ఎస్సై చైతన్య.

బల్ల మీద కూర్చున్న లక్ష్మన్న గబుక్కున గోడ వైపు తిరిగి, ఎస్సైకి వీపు చూపించాడు.

"అట్ల తిరిగి కాదయ్యా! జరిగింది చివర నుంచి మొదటికి చెప్పమంటాండా."

చైతన్య ఆ స్టేషన్‌కు వచ్చి రెండు వారాలు. అందులో మూడు రోజులు ట్రైనింగ్‌కు వెళ్లాడు. లాఠీ ముట్టకుండా, ఉత్త ప్రశ్నలతో అబద్ధాన్ని పట్టుకోవడం ఎలాగో నేర్చుకుని, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి కుర్చీ వెనక తగిలించాడు. అదృష్టం కొద్దీ మరునాడే కేసు దొరికింది.

పత్తికొండ మార్కెట్‌కు పోవాల్సిన సుబ్బయ్య తోటలోని ముప్పై బాక్సుల టమోటాలు పట్టపగలే మాయమయ్యాయి. ట్రాలీ ఆటో బసవరాజే ఎత్తుకుపోయాడు, కళ్లారా చూశానంటాడు కాపలా లక్ష్మన్న. కాపలా లక్ష్మన్నే ఎవరి బండికో ఎత్తించాడు, కళ్లారా చూశానంటాడు ఆటో బసవరాజ్. ఇద్దరిలో ఒకడు దొంగ. ఆ ఒకడు ఈ సాయంత్రం జైలుకు పోవాలి.

"సార్, ఆ బసవరాజ్ గురించి ఒక మాట..." అని ముందుకు వంగాడు హెడ్ కానిస్టేబుల్ యేసుప్రసాద్.

"వద్దు. ముందే ఏదైనా చెబితే నా బుర్రలో ఒక అభిప్రాయం పడిపోతుంది. శాస్త్రం ఒప్పుకోదు."

శాస్త్రంతో తనకెందుకని యేసుప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు.

లక్ష్మన్న గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు మీ ముందర కూచోనుండా సార్. దానికి ముందు జీపులో వచ్చినా. దానికి ముందు... బువ్వ తింటాండా. కాదు కాదు, తినల్యా, సద్ది ఇప్పినా, అప్పుడే ఆటో సప్పుడు... ఆటో పోయిందా, వచ్చిందా... సార్, మొదట్నుంచి చెప్తా. మొదట్నుంచి అయితే బాగా చెప్తా!"

'తడబాటు' అని రాసుకున్నాడు ఎస్సై.

"నా కళ్లల్లోకి చూసి చెప్పు."

"అయ్యో! మీ అంతటోళ్ల కళ్లల్లోకి నేనెట్ల చూసేది సార్?"

'చూపు తప్పించడం' అని రాసుకున్నాడు. నుదుటి మీద చెమట కూడా లెక్కలో వేశాడు. ఉన్న ఒక్క ఫ్యాను తన వైపే తిరిగి ఉందన్న సంగతి లెక్కలోకి రాలేదు. తోట బొమ్మ గీయమని కాగితం ఇస్తే, లక్ష్మన్న పెన్సిలును కొడవలిలా పిడికిట పట్టి గీశాడు. ఆ బొమ్మలో ఆటో వేపచెట్టు ఎక్కి కూర్చుంది.

"నేను చూసింది నిజం సార్," అని ఏడ్చేశాడు లక్ష్మన్న. "జరిగింది ఒక తూరే. అది ముందు నుంచే జరిగింది. ఎనక నుంచి జరగల్యా."

పాపం, అంతకంటే చక్కని మాట ఆ స్టేషన్‌లో ఎవరూ ఎన్నడూ అని ఉండరు. చైతన్య మాత్రం 'ఏడుపు' అని రాసుకుని కింద గీత గీశాడు.

తర్వాత బసవరాజ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. కూర్చోమనగానే కూర్చుని ఎస్సై కళ్లల్లోకి సూటిగా చూశాడు.

"నా ఇష్టపూర్తిగా చెప్తాండా సార్. నన్నెవరూ బలవంతం చేయల్యా."

చైతన్య మనసు నిండిపోయింది. "వెనక నుంచి చెప్పు."

"సుబ్బయ్యన్నకు ఫోన్ చేసినా. దానికి ముందు బండి తారురోడ్డు ఎక్కింది. దానికి ముందు లక్ష్మన్న ఆఖరి బాక్సు అందిచ్చినాడు. దానికి ముందు అటూ ఇటూ చూసినాడు..." రైలు వెనక్కి నడిచినట్టు ఎక్కడా ఆగకుండా చెప్పాడు.

"నీకూ ఆ బండికీ ఎంత దూరం?"

"పదిహేను అడుగులు. మధ్యలో ఏం అడ్డం లేదు. ఎండ బాగా ఉండాది. మొఖం బాగా గుర్తుపట్టినా."

"బండి నంబరు?"

"అది చూడల్యా సార్. చూడంది చూసినట్టు చెప్పను."

చైతన్య కుర్చీలోంచి లేవబోయి ఆగాడు. తెలియనిది తెలియదని ఒప్పుకోవడం నిజాయితీకి గుర్తని ట్రైనింగ్‌లో ఎర్ర ఇంకుతో రాయించారు. బసవరాజ్ గీసిన బొమ్మలో ఉత్తరం ఎటో బాణం కూడా ఉంది.

"సార్, ఆ మాట..." అన్నాడు మళ్లీ యేసుప్రసాద్.

"ఇంకా ఏం మాట? తేలిపోయింది. మీ లాఠీకి మూడు రోజులు పట్టేది, నాకు నలభై నిమిషాలు చాలింది. లక్ష్మన్నను లోపలెయ్యండి."

"మా నాగక్కకు చెప్పి పంపండి సార్," అంటూనే లక్ష్మన్న ఊచల వెనక్కి పోయాడు. ఇంటిదానికి ఆ కబురు ఎవరు తీసుకుపోవాలో శాస్త్రంలో లేదు.

చైతన్య బసవరాజ్ చేయి పట్టుకుని ఊపాడు. "నీలాంటి సాక్షి దొరకడం మా అదృష్టమప్పా!" అని హెడ్ వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పండి, ఏందో ఆ మాట."

"ఏం లేదు సార్. మన స్టేషన్ కేసులన్నిట్లో సాక్షి ఈయప్పే. ఇప్పటికి నలభై అయినాయి. ఒక్క వకీలూ తప్పు పట్టలేకపోయినాడు." యేసుప్రసాద్ బసవరాజ్ భుజం తట్టాడు. "రేపు పదిన్నరకు కోర్టులో ఉండప్పా. గంజాయి కేసు."

బసవరాజ్ జేబులోంచి పెన్ను తీశాడు.

"అందులో నేనేం చూసినానో ఇప్పుడే చెప్పండి సార్. ఈ తూరి ఎనక నుంచి గూడా బట్టీ పట్టుకోని వస్తా."