నిండు గిన్నె

"రక్తపరీక్షలో మా కోడలికి టీఎస్‌హెచ్ పద్దెనిమిది వచ్చింది! నాలుగుంటే చాలట!" పొరుగింటి సైరాతో గొప్పలు పోయింది బుర్మకాన్.

టీ పోస్తూనే కునుకుతున్న కోడలు అయ్‌పెరి ఉలిక్కిపడింది. "అవి మార్కులు కావత్తయ్యా. నా గొంతులో గ్రంథి పనిచెయ్యట్లేదు. చెయ్యమని మెదడు కేకలేస్తోంది. ఆ కేకల లెక్కే పద్దెనిమిది."

"కేకలేస్తే చేస్తుందా?"

"జబ్బుపడ్డది ఎలా చేస్తుంది, పాపం? మందు పడితే కేకలు వాటంతటవే తగ్గుతాయట."

'లేవే, సోమరిపోతా!' అని పొద్దుటినుంచీ తాను వేసిన కేకలు బుర్మకాన్‌కు గుర్తొచ్చాయి. కోడలి చేతిలోంచి టీకూజా లాక్కుని, సైరా టీగిన్నెను అంచుదాకా నింపేసింది.

మా నరిన్ ఊళ్లో అతిథికి గిన్నె నిండా టీ పోస్తే, ఇక లేచి వెళ్లమని అర్థం.

"ఏమే, తరిమేస్తున్నావా?" అంది సైరా.

"మెల్లగా మాట్లాడవే! మా కోడలు పడుకోవాలి!" ఇల్లదిరేలా అరిచింది బుర్మకాన్.