గడియారం లేని శనివారం

"చింపెయ్ దాన్ని," అన్నాడు ట్రూల్స్, వాఫుల్ పెనం మీద పిండి పోస్తూ.

సున్నివా చింపలేదు. చింపుతుందా మరి? మూడు వారాలు కూర్చుని రాసింది. వచ్చే శనివారం థీమ్ పార్కులో ఏ నిమిషానికి ఎక్కడ నిలబడాలో, వానొస్తే ఎక్కడ తలదాచుకోవాలో, అంతా కాగితం మీద గళ్లు గీసి మరీ రాసుకుంది.

"ముందు వినవయ్యా. పదింటికి గేటు. పదీ పదికి పడవ. పదకొండుకి నీళ్ల జారుడు. పన్నెండుంబావుకి బెంచీ మీద కూర్చుని బ్రెడ్డూ చీజూ తింటాం."

"పన్నెండుంబావుకి ఆకలెయ్యకపోతే?"

"వేస్తుంది."

"వెయ్యకపోతే?"

"నేను ఎడ్డెమంటే నువ్వు తెడ్డెమనడం ఎప్పుడు మానతావు?"

"టైం టేబుల్ పట్టుకొచ్చినంత కాలం మానను," అన్నాడతను. "ఎప్పుడు లేవాలో ఒకడు చెబుతాడు. ఎప్పుడు తినాలో ఇంకొకడు చెబుతాడు. విని విని చెవులు చిల్లులు పడ్డాయి సున్నివా. ఆ ఒక్కరోజైనా నన్ను నా కాళ్లు ఎటు పోతే అటు పోనీ."

బల్ల కింద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న టూవా కిసుక్కున నవ్వింది. దానికి ఏడేళ్లు. అమ్మానాన్నలతో కలిసి ఒకరోజంతా బయట తిరిగిన జ్ఞాపకం దానికి లేదు. నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. ఇంతకుముందు రెండుసార్లు అనుకున్నారు, రెండుసార్లూ చివర్లో చెడింది. మొదటిసారి పైవాళ్లు సంతకం పెట్టలేదు. రెండోసారి ట్రూల్సే వాళ్ల మీద నోరు పారేసుకుని వచ్చిన సెలవు పోగొట్టుకున్నాడు. ఆ రోజు టూవా వానకోటు వేసుకుని మధ్యాహ్నం దాకా మెట్ల మీదే కూర్చుంది. ఆ సంగతి తలుచుకుంటే సున్నివాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"లేడికి లేచిందే పరుగన్నట్టు తిరిగితే కుదరదు," అంది. "రాత్రి ఎనిమిదింటికల్లా తిరిగి ఇక్కడుండాలి. ఒక్క నిమిషం దాటినా మళ్లీ ఏడాది దాకా సెలవు లేదన్నారా లేదా? రెండు గంటల దారి. పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర నాలుగింటికి లైనులో ఇరుక్కుంటే మన పని గోవిందా."

"పెద్ద కోస్టర్ ఎక్కుతామా?" టూవా బల్ల కిందనుంచి తల బయటపెట్టింది.

"నువ్వెక్కవు. నూట ఇరవై సెంటీమీటర్లుండాలి."

"ఎవరన్నారు?" ట్రూల్స్ పెనం దించేశాడు. "రా ఇలా. బూట్లు విప్పి గుమ్మానికి ఆనుకుని నిలబడు."

గుమ్మం చెక్క మీద బోలెడన్ని పెన్సిలు గీతలున్నాయి, ఎవరెవరి పిల్లలవో. పోయిన ఏడాది టూవాకు గీసిన గీత మాత్రం లేదు. దాని మీద ఎవరో రంగేసేశారు. ట్రూల్స్ పళ్లు నూరుకుని, పిల్ల తలమీద చెయ్యి ఆనించి, ఈసారి గట్టిగా నొక్కి గీశాడు. సున్నివా టేపు పెట్టి కొలిచింది.

"నూట పంతొమ్మిదిన్నర."

"బూట్లతో నూట ఇరవైకి పైనే," అన్నాడు.

"తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఊరికే అన్లేదు. వాళ్లు ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే మళ్లీ లైనులో నిలబడతాం. మళ్లీ కాదంటే మళ్లీ నిలబడతాం. అరగంట, గంట, మా ఇష్టం. ఏం టూవా?"

"మా ఇష్టం," అంది టూవా, అచ్చు తండ్రిలాగే గడ్డం ఎత్తి.

సున్నివా నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటూనే గోడ గడియారం వైపు చూసింది. వచ్చిన దగ్గర్నుంచి పదిసార్లు చూసింది అలా. ట్రూల్స్ అది కనిపెట్టాడు. కుర్చీ లాక్కుని ఎక్కి, గడియారం తీసి, వాఫుల్స్ పళ్లెం పక్కన బోర్లా పెట్టేశాడు.

"ఇప్పుడు చూడు."

"గడియారం బోర్లిస్తే పొద్దు ఆగుతుందా, పిచ్చివాడా?"

"ఆగదు. అయినా దానికి లొంగను."

పెన్సిలు అందుకున్నాడు. పదింటి గేటు కొట్టేశాడు. పడవ కొట్టేశాడు. నీళ్ల జారుడు, బ్రెడ్డూ చీజూ, వాన, అన్నీ కొట్టేశాడు. టూవా పక్కనే నిలబడి ఒక్కో గీతకూ చప్పట్లు కొడుతోంది. సున్నివా అడ్డం పడలేదు. మూడు వారాల కష్టం మసిబారిపోతుంటే చూస్తూ కూర్చుంది. అతని మొహం అంత వెలిగిపోవడం చూసి చాన్నాళ్లయింది మరి.

అన్నిటికన్నా కింద ఒక వరస మిగిలింది. 'సాయంత్రం అయిదున్నర: వెనక్కి బయల్దేరాలి.'

పెన్సిలు అక్కడ ఆగింది.

"అదీ కొట్టెయ్ నాన్నా."

ట్రూల్స్ పెన్సిలు కింద పెట్టేశాడు. "అది ఉండనీ తల్లీ," అన్నాడు. "అది కొట్టేస్తే మళ్లీ ఏడాది దాకా మనకు శనివారమే ఉండదు."

సున్నివా ఆ కాగితం మడిచి అతని చొక్కా జేబులో పెట్టింది. ఇక వాఫుల్స్ తిందామని ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. మొదటి ముక్క మీద జామ్ పూసి టూవా నోటికి అందించాడు ట్రూల్స్.

అంతలో బయటినుంచి తలుపు తాళం తిరిగింది. గుమ్మంలో నిలబడ్డ వార్డరు ఎప్పటిలాగే మర్యాదగా, "ములాఖత్ టైమైపోయింది ట్రూల్స్, నువ్వు సెల్లుకు పద, మీవాళ్లను గేటు దాకా నేను దింపుతాను," అన్నాడు.