దిగని మెతుకు

మూడో చెంచాకే చాంద్రి పెదాలు బిగించింది.

“ఇంకొక్కటి,” అన్నాడు దేవదాస్.

“దిగుతలేదు. ఇగ నువ్వు తిను.”

బాన్సువాడలో స్కానింగ్ సెంటర్ ముందు బెంచీ మీద కూర్చున్నారు ఆ భార్యాభర్తలు. ఆమె తల ఒరిగిపోకుండా అతను భుజం ఆనించాడు. పాలలో నానబెట్టి పిసికిన జొన్నరొట్టె డబ్బాలో అట్లాగే ఉండిపోయింది. అతనికీ తినబుద్ధి కాలేదు. మూత పెట్టేశాడు.

తండా నుంచి రోడ్డు దాకా ఆమెను ఎత్తుకునే వచ్చాడు. నిరుడైతే మధ్యలో ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమెలో బరువే లేదు. అయినా ఒళ్లంతా పులిసిపోయింది. అది ఇవాళ్టి అలసట కాదు.

మొదట చాంద్రి చేతుల్లోంచి గిన్నెలు జారాయి. తర్వాత కాళ్లు పడిపోయాయి. ఇది నరాల జబ్బని, కండరాలను ఒక్కొక్కటిగా చంపేస్తుందని, ఎప్పుడో ఒకప్పుడు గొంతుకూ వస్తుందని హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు చెప్పాడు. దేవదాస్ కోత మిషన్ నడపడం మానేశాడు. వండటం, తినిపించడం, స్నానం చేయించడం, నిద్రలో పక్కకు తిప్పడం అన్నీ అతనే. ఒక్కోసారి తినిపిస్తూ తినిపిస్తూ చెంచా చేతిలో ఉండగానే కునుకు పట్టేది. కళ్లు తెరిచేసరికి ఆమె అతన్నే చూస్తూ ఉండేది.

అతని అక్క దేవీబాయి వచ్చినప్పుడల్లా వాకిట్లోనే అందుకునేది. “నీ మొకం అద్దంల చూసుకున్నవా? గిట్లయితే ఆమెకంటే ముందు నువ్వే పోతవ్.”

“మెల్లగ అక్కా, లోపలికి ఇనబడతది,” అనేవాడు.

నాట్ల సమయానికి డాక్టరు అన్నంతా అయింది. ముందు రొట్టె దిగలేదు. తర్వాత మెత్తగా ఉడికించిన జొన్న గట్క. ఇప్పుడు పాలలో పిసికింది కూడా రెండు చెంచాలకే వద్దంటోంది. వద్దంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. నొప్పి అనుకుని అతను గొంతు నిమిరేవాడు.

తిండి కోసం కడుపులోకి పైపు వేయాల్సి రావచ్చు, ముందు మింగేటప్పుడు ఎక్స్‌రే వీడియో తీయించమన్నారు హైదరాబాద్ డాక్టర్లు. పైపు వేస్తే తినిపించే పని తగ్గుతుందేమో అని ఒక్క క్షణం అనిపించింది దేవదాస్‌కు. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఇంటికి పోదాం. గీ పరీక్ష నాకొద్దు,” అంది చాంద్రి.

“భయపడకు. సూదులు, కోతలు ఏం లేవంట.”

పేరు పిలిచారు. నర్సు గీత, అతను కలిసి ఆమెను మిషన్ ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టర్ స్పందన అతన్ని అద్దం వెనక తన పక్కన నిలబెట్టుకుంది.

“మందు పెరుగుల కలిపినం అన్నా. మింగుతుంటే ఎటు పోతున్నదో గీ టీవీల కనబడతది. ఊపిరితిత్తుల దిక్కు పోతే కష్టం.”

గీత మొదటి చెంచా పెట్టింది. చాంద్రి మింగలేదు. తెల్లటి మందు పెదవి చివర నుంచి గడ్డం మీదికి కారింది. దేవదాస్ అద్దం మీద చెయ్యి పెట్టాడు.

“మేడం, ఆమెను తిప్పల పెట్టకుండ్రి. ఇంట్ల కూడ గంతే.”

“ఒక్కసారి చూద్దాం అన్నా.”

గీత మూతి తుడిచి, “అక్కా, గీ కొంచెం మింగు, ఇంటికి పోదువు,” అంది. చాంద్రి కళ్లు మూసుకుంది. ఈసారి తెర మీద నాలుక కదిలింది. మందు నల్లటి నీడలా గొంతులోంచి నేరుగా కడుపు వైపు జారిపోయింది. మూడో చెంచాకు ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. మందు పూసిన రొట్టె ముక్క పెడితే నమిలింది. నీళ్లు తాగింది. దగ్గు రాలేదు.

స్పందన వీడియోను వెనక్కి తిప్పి మెల్లగా చూసింది. మళ్లీ చూసింది.

దేవదాస్ గోడకు ఆనుకున్నాడు.

“పైపు ఎప్పుడు ఏస్తరు మేడం?”

“ఇప్పుడే అక్కర లేదు.”

“మరి ఎట్ల? ఆకలికి చచ్చిపోతది.”

ఆమె అద్దంలోంచి చాంద్రి వైపు చూసింది. చాంద్రి తల దించుకుని ఉంది. స్పందన గొంతు తగ్గించింది.

“చాంద్రక్క గొంతు ఇంకా మంచిగనే ఉన్నది అన్నా, ఇన్ని దినాలు దిగక కాదు, ఆమెనే కావాలని తినుడు బంద్ చేసింది.”