సీట్లో ఇసుక మూటలు

అన్నయ్య చనిపోయిన నెలకి వదిన ఆయన పాత స్పోర్ట్స్ కారును నా షెడ్డుకు తెచ్చింది.

"వెనకవైపు పక్కకి లాగేస్తోంది, సరిచెయ్యి. ఇకనుంచి నేనే నడుపుతా."

"నీ బరువెంత, వదినా?"

"అదెందుకు?"

కారు రోడ్డు మీద ఎంత కుంగుతుందో షెడ్డులోనూ అంతే కుంగాలి. అప్పుడే వెనక చక్రాల అలైన్‌మెంట్ కుదురుతుంది. అందుకే నడిపేవాళ్ళ బరువుకు సరిపడా ఇసుక మూటలు సీట్లో పెట్టి కొలుస్తాను. ఆ మాటే చెప్పాను.

వదిన గోడవైపు చూసింది. కారు తెచ్చినప్పుడల్లా అన్నయ్యను కాటా ఎక్కించి నేను సుద్దముక్కతో రాసిన అంకెలు అక్కడే ఉన్నాయి. ఎనభై ఒకటి. డెబ్బై నాలుగు. అరవై ఆరు.

"అరవై ఆరు చూసి మీ అన్నయ్య ఏమన్నారు?"

"నేనే అన్నాను, 'వదిన పస్తులుంచుతోందా ఏంటి?' అని. నవ్వాడు. ఒక మూట తీసేశాను."

వదిన ఆ అంకె మీద వేలు పెట్టింది.

"రోజూ చూసే మనిషి కదా, నా కంటికి తేడా తెలియలేదు. డాక్టరు చెప్పేసరికే ఆలస్యమైపోయింది. కానీ నువ్వు తూచావు కదయ్యా."

నేను కాటా తుడిచి ఆమె ముందు పెట్టాను. ఎక్కింది. నలభై ఏడు.

సుద్దముక్క గోడకి ఆనించి ఆగిపోయాను.

"ఇంతకుముందు ఎంత ఉండేదానివి, వదినా?"