బ్రేకుల్లేని సైకిలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. సోఫాలో బావ, వంటింట్లో అక్క, లోపలి మంచం మీద ఏదీ విననట్టు పడుకునే బావ తల్లి, హాల్లో తిరగేసిన సైకిలు ముందు చెల్లెలు.

చెల్లెలు సైకిలు షాపులో పనిచేస్తుంది. అందుకే బావ పిలిపించాడు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ ఆగకుండా తిరిగే రకం సైకిలది. ఇన్నాళ్ళూ రోడ్డు మీద తొక్కాడు. ఈ సాయంత్రం సైకిలు పందేలు జరిగే ట్రాకు, వెలోడ్రోమ్‌లో పోటీ.

“బ్రేకులు పీకెయ్ మరదలా. ఉంటే ట్రాక్ ఎక్కనివ్వరు.”

“అయితే పెడళ్ళు బిగబట్టి కాళ్ళతోనే ఆపాలి బావా. అంత బలముందా?”

“నా కాళ్ళ బలం మీ అక్కనడుగు,” అని నవ్వాడు.

చెల్లెలు నవ్వలేదు. బ్రేకులు విప్పింది. గంట, సీసా పెట్టుకునే స్టాండు తీసేసింది. వెనక చక్రానికి కొత్త పళ్ళచక్రం ఎక్కించి, అది ఊడకుండా పైన వేసే రింగును వేళ్ళతో తిప్పింది. ఇక పానాతో బిగించాలి.

టీ చల్లారిపోయిందంటూ బావ వంటింట్లోకి వెళ్ళాడు. చెంప పగిలిన చప్పుడు. గిన్నె దొర్లిన చప్పుడు.

చెల్లెలు పానా వదిలేసి పరుగెత్తింది. బావ ఏమీ ఎరగనట్టు ఆమెను దాటుకుంటూ బూట్ల కోసం వెళ్ళాడు.

“నాతో వచ్చెయ్ అక్కా. ఇప్పుడే పోదాం.”

“ఎక్కడికని? ఏ కలుగులో దూరినా జుట్టు పట్టి ఈడ్చుకొస్తారు. నువ్వు పని ముగించి వెళ్ళు తల్లీ. ఆలస్యమైతే అదీ నా వీపు మీదికే వస్తుంది.”

కళ్ళు మసకబారుతుంటే చక్రాన్ని సైకిలుకు బిగించింది, గొలుసు తగిలించింది, సంచీ భుజాన వేసుకుని బయటపడింది.

వీధి మలుపులో ఠక్కున ఆగింది. వెనక్కి పరుగెత్తి తలుపు బాదింది. అక్క సగం తెరిచింది. చెంప మీద నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలి ఉన్నాయి.

“అక్కా, రింగు బిగించలేదు. జోరు మీద కాళ్ళతో ఆపబోతే పళ్ళచక్రం ఊడిపోతుంది. బ్రేకులూ లేవు. బావ ప్రాణానికే ముప్పు. నన్ను లోపలికి రానీ, ఒక్క నిమిషం పని.”

అక్క అంతా విన్నది. ఒకసారి లోపలికి తిరిగి చూసింది.

“మెల్లిగా మాట్లాడవే, ఆయన వింటారు,” అంటూ తలుపు మూసేసింది.