పాలవాసన

బోరింగు కింద నిండిన బిందెను ఎవరో కాలితో తోసేశారు.

సంజీవమ్మ గిర్రున తిరిగి చూసింది. ఆమె చంకలో ఎనిమిది నెలల ముత్యాలప్ప ఉన్నాడు.

పక్కన ఒక ముసలిది. నడుము రెండుగా వంగి, ముఖం నేలను చూస్తోంది.

"ఈ నీళ్లు బిడ్డకు పొయ్యొద్దక్కా," అంది ముసలిది.

సంజీవమ్మకు ఒళ్లు మండింది. తనకింకా ఇరవై ఒకటి.

"నేను నీకు అక్కనా? నీ వయసేంది, నా వయసేంది? యా ఊరు నీది?"

ముసలిది ఎండిన వంక అవతలికి గడ్డం తిప్పింది.

"మా ఊర్లో గూడా ఇట్లే బోరింగు పడె. నీళ్లు తియ్యగానే ఉండె."

మూడేళ్లుగా వాన లేదు. వేరుశనక్కాయ పైరు చేలోనే మాడిపోయింది. పదిహేడు మంది ఉన్న ఇంటికి నలుగురు కోడళ్లు వంకలో ఇసుక తోడి, చెలమ దగ్గర గంటకొక బిందె పట్టుకునేవాళ్లు. అలాంటి ఊళ్లో బోరింగు పడితే దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. ఇదెవరో వచ్చి నోటికాడి నీళ్లు తన్నేసింది.

బిందె చప్పుడుకు పిల్లోడు ఏడుపందుకున్నాడు.

ఆ ఏడుపు వినగానే ముసలిది ఉలిక్కిపడింది. గుప్పున పచ్చిపాల వాసన వచ్చింది.

సంజీవమ్మ తన రవిక తడిమి చూసుకుంది. పొడిగానే ఉంది.

తడిసింది ముసలిదాని రవిక.

సంజీవమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

అత్త తిప్పమ్మ సంగతి విని చేతిలో చేట కింద పెట్టింది.

"ముసలిదానికి పాలెట్లా వస్తాయే? అది మనిషి గాదు. బాలింత దయ్యం. కాన్పులో సచ్చినది. నీ బిడ్డ మీద కన్నేసిండాది."

గడపకు వేపాకు కట్టారు. ఉయ్యాల కింద కొడవలి పెట్టారు.

మూడో రోజు మధ్యాహ్నం సంజీవమ్మ ఉగ్గుగిన్నెతో పిల్లోడికి నీళ్లు పడుతుంటే గడప మీద నీడ పడింది.

"అక్కా, బిడ్డకన్నా చెలమ నీళ్లు పట్టు. మీకు లేకున్నా బిడ్డకు పట్టు."

మళ్లీ అదే వాసన.

సంజీవమ్మ చీపురు తిరగేసి కొట్టింది. ఒకటి కాదు, చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టింది. ముసలిది చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, తిట్టలేదు. ముఖం నేలకేసుకుని అట్లాగే వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. దయ్యం వదిలిందని తిప్పమ్మ కోడిని కోయించింది. పదిహేడు మందీ తృప్తిగా తిన్నారు.

ఏడో ఏట ముత్యాలప్పకు పాలపళ్లు ఊడి, కొత్త పళ్లు గోధుమరంగు చారలతో వచ్చాయి. పదో ఏటికి మోకాళ్లు ఒకదానికొకటి తగలడం మొదలైంది. సంజీవమ్మకు నడుము పట్టేసింది. పిల్లల్ని మోసిన నడుము కదా అని సర్దుకుంది. సంగటి కెలకడానికి వంగిన మనిషి ఆ తర్వాత నిలువుగా లేవలేదు. చేతులు భుజం దాటి పైకి రావడం మానేశాయి. ఆకాశం చూడాలంటే మంచం మీద పడుకోవాల్సిందే.

పావగడ ఆస్పత్రిలో డాక్టరు పిల్లోడి పళ్లు చూశాడు, కాళ్లు చూశాడు.

"ఏం నీళ్లు తాగుతారమ్మా?"

"బోరింగు నీళ్లు సామీ. పన్నెండేళ్లాయె."

"ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉండాది. ఎముకల్లోకి పోతాది. ఇప్పుడు మందేసినా వంగింది నిలబడదు."

ఆ రోజు బస్సులో ఇంటికి వచ్చేదాకా సంజీవమ్మ ఏడుస్తూనే ఉంది. దయ్యమో మనిషో, ఆ ముసలిది నిజమే చెప్పింది.

నెల తిరక్కుండానే, గుట్ట అవతల పల్లెలో కొత్త బోరింగు పడిందని తెలిసింది. సంజీవమ్మ నాలుగు నెలల ఆఖరి బిడ్డకు పాలిచ్చి, ఉయ్యాలలో వేసింది.

"రోంత చూసుకో, ఇప్పుడే వస్తా," అని తోడికోడలికి చెప్పి నడక పట్టింది. గుట్ట చుట్టి వెళ్లేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

బోరింగు దగ్గర నలభై అయిదేళ్ల ఆవిడ చంకలో మనవడితో నిలబడి ఉంది. చెంపలు నెరిశాయి గానీ నిట్రాటలాగా నిటారుగా ఉంది. బిందె నిండింది.

తోసేద్దామంటే సంజీవమ్మకు బిగుసుకున్న చెయ్యి సాగలేదు. కాలితో తన్నింది.

"ఈ నీళ్లు బిడ్డకు పొయ్యొద్దక్కా."

"నేను నీకు అక్కనా ముసలిదానా? నీ వయసేంది, నా వయసేంది?"

సంజీవమ్మకు ముప్పై మూడు.

చెప్పబోయేలోగా మనవడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఇంట్లో ఉయ్యాలలోని బిడ్డ గుర్తొచ్చి సంజీవమ్మకు పాలు చేపుకొచ్చాయి. రవిక తడిసింది.

ఆవిడ ముక్కుపుటాలు కదిలాయి. తడిసిన రవికను చూసింది. పిల్లోణ్ని గట్టిగా హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. కాలి చెప్పు చేతిలోకి తీసుకుంది.

మొదటి దెబ్బ పడింది. అడ్డం పెట్టుకుందామంటే సంజీవమ్మకు చెయ్యి లేవలేదు.

ఆనాడు తాను చీపురు తిరగేసి కొట్టింది దయ్యాన్నీ కాదు, ముసలిదాన్నీ కాదు. ఇంటి దగ్గర పాలు తాగే బిడ్డను వదిలేసి ముత్యాలప్ప కోసం వంక దాటి నడిచి వచ్చిన, అక్కా అని పిలిచిన, నిజంగానే తనకంటే చిన్నదాన్ని.