అర చెంచా పంచదార

ఆ కంపెనీలో నెలనెలా అందరి పనులూ మారిపోతాయి. కొత్తగా నేర్చుకునే పన్లేదు. ముందు చేసినవాళ్ల పనితనమంతా చేతొడుగుల్లోనే ఉంటుంది, తొడుక్కుంటే చాలు.

ఈ నెల లెక్కల గుమాస్తా కోదండానికి క్యాంటీన్లో కాఫీ పని పడింది. ఎవరికి కలిపినా చెయ్యి అర చెంచా పంచదార దగ్గరే మొరాయిస్తోంది.

“చప్పగా ఏడ్చిందయ్యా!” అని అందరూ తిట్టిపోశారు.

సూపర్‌వైజర్ నవ్వాడు. “కిందటి నెల ఇదే పని మీ ఆవిడకి పడ్డప్పుడు మొహమాటానికి తాగామండీ. ఆవిడ అలవాటే తొడుగులకీ అంటుకుంది. వేరేవి ఇస్తా.”

కోదండానికి తన షుగరు జబ్బు గుర్తొచ్చింది, రోజూ ఇంట్లో కాఫీ మీద తన సణుగుడూ గుర్తొచ్చింది. ఆ తొడుగులు విప్పడానికి ప్రాణం ఒప్పలేదు.

సాయంత్రం ఇంట్లో కాఫీని గ్లాసు అడుగుదాకా తాగేశాడు.

“ఇవాళ చప్పగా లేదా?” అంది భార్య అలివేలు.

“చప్పగానే ఉంది. నీ చేతులు చల్లగుండ, ఇంకో అర గ్లాసు ఇవ్వు.”